హంటర్ రాయని పేరు

లార్డ్ మేయో హత్య జరిగిన మూడేళ్లకు, 1875లో, విలియం విల్సన్ హంటర్ ఆయన జీవితచరిత్రను రెండు సంపుటాలుగా తెచ్చాడు. హంటర్ గణాంకాల మనిషి. ఏ జిల్లాలో ఎన్ని ఎకరాలు సాగులో ఉన్నాయో, ఏ కులంవాళ్లు ఎంతమందో పోగుచేసి రాయడం ఆయన ఉద్యోగం. అంత లెక్కగల మనిషి వైస్రాయిని పొడిచినవాడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆపేశాడు. వాడి పేరు గానీ, ఊరు గానీ, తెగ గానీ తన పుస్తకంలోకి రావని చెప్పి మరీ వదిలేశాడు. భారతదేశంలో పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయి గురించి రాసిన పుస్తకమది. అందులో హతుడు ఉన్నాడు, కత్తి ఉంది, హంతకుడికి మాత్రం పేరు లేదు. కానీ ఆ పేరు రాయని పుస్తకంలోనే వాడు ఎందుకు చంపాడన్నది మాత్రం స్పష్టంగా ఉంది. పేరు దాచి కారణం చెప్పాడు హంటర్. తర్వాతి నూటయాభై ఏళ్లలో జనం చేసింది దీనికి తలకిందులు. పేరు అందరికీ తెలిసింది, కారణాన్ని మాత్రం ఎవరికి కావలసినట్టు వాళ్లు అల్లుకున్నారు. షేర్ అలీ అఫ్రిదీ ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు మొదట్లోనే దొరికిందనీ, ఆ జవాబుతో ఎవరికీ పని లేకపోయింది కాబట్టే ఇన్ని ఊహాగానాలు బతికాయనీ నేననుకుంటున్నాను.

ముందు ఆ సాయంత్రం సంగతి చూద్దాం. 1872 ఫిబ్రవరి 8. మేయో బర్మా నుంచి తిరిగివస్తూ అండమాన్‌లో దిగాడు. అక్కడి ఖైదీల వలసలో క్రమశిక్షణ సడలిందన్న ఫిర్యాదులు చాలాకాలంగా ఉన్నాయి. దాన్ని చక్కదిద్దడానికి జనరల్ డొనాల్డ్ స్టివార్ట్‌ను సూపరింటెండెంటుగా పంపింది మేయోనే. కరుడుగట్టిన ఖైదీలుండే వైపర్ దీవి, రాస్ దీవి పగలే చూసేశారు. అక్కడ కాపలా గట్టిగా ఉంది. పని అయిపోయింది, ఇంకా వెలుతురుంది కదా అని మౌంట్ హారియట్ కొండెక్కి సూర్యాస్తమయం చూద్దామన్నాడు వైస్రాయి. ఇది ముందుగా అనుకున్న కార్యక్రమం కాదు. కొండ దిగి హోప్‌టౌన్ జెట్టీ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. ముందు కాగడాలు పట్టుకున్నవాళ్లు నడుస్తున్నారు. అల్లంత దూరాన గ్లాస్గో అనే యుద్ధనౌక దీపాలు కనిపిస్తున్నాయి. అందులో మేయో భార్య, అతిథులు రాత్రి భోజనానికి ఎదురుచూస్తున్నారు. పడవెక్కడానికి మేయో నాలుగడుగులు ముందుకు వేసిన క్షణాన చీకట్లోంచి ఒక మనిషి దూకి వీపున రెండు పోట్లు పొడిచాడు. మేయో జెట్టీ మీంచి నీళ్లలో పడి, లేచి నిలబడి, తనను కొట్టారని తన కార్యదర్శి బర్న్‌తో అన్నాడు. పడవ ఓడను చేరేలోపే ప్రాణం పోయింది. పొడిచినవాణ్ని అక్కడికక్కడే పట్టుకున్నారు. వాడు పారిపోవాలని చూడలేదు.

ఎవరు చంపారన్న అనుమానం ఒక్క నిమిషం కూడా లేని కేసు ఇది. అయినా ఇంత చర్చ ఎందుకు జరిగిందంటే, అంతకు అయిదు నెలల ముందే కలకత్తాలో ఇంకో హత్య జరిగింది. తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి జాన్ పాక్స్టన్ నార్మన్‌ను 1871 సెప్టెంబరు 20న టౌన్‌హాల్ మెట్ల మీద అబ్దుల్లా అనేవాడు పొడిచాడు. మర్నాడు నార్మన్ చనిపోయాడు. ఇంగ్లీషు పాలన మీద తిరగబడ్డారని అభియోగం మోపిన వహాబీ అనే ముస్లిం వర్గంవాళ్ల కుట్ర కేసులో నిర్బంధించిన తోళ్ల వర్తకుడు అమీర్ ఖాన్ తనను కోర్టు ముందుకు తెమ్మని పెట్టుకున్న దరఖాస్తును 1870లో తోసిపుచ్చింది ఈ నార్మనే. ఇంకేం, రెంటికీ ముడిపెట్టేశారు. అదే 1871లో హంటర్ భారతీయ ముసల్మానుల గురించి పుస్తకం వేశాడు. రాణి మీద తిరగబడటం వాళ్ల మతధర్మమా అన్నది అందులో ప్రశ్న. ఆ ప్రశ్న వేసి రాయించినవాడు సాక్షాత్తూ మేయోనే. సయ్యద్ అహ్మద్ ఖాన్ పయనీర్ పత్రికలో ఆ పుస్తకాన్ని ఖండిస్తూ వరసగా రాస్తున్న రోజుల్లోనే వైస్రాయి హత్య జరిగింది. పోర్ట్‌బ్లెయిర్‌కు అప్పటికి తంతి లేదు, ఓడ వస్తే తప్ప కలకత్తాకు కబురు రాదు. ఓడ తెచ్చిన కబురు నాలుగు ముక్కలు: వైస్రాయి, కత్తి, ఖైదీ, ముసల్మాను. మిగతాదంతా ఊళ్లో తయారుగానే ఉంది. అండమాన్‌లో అంబాలా, పట్నా కేసుల్లో శిక్షపడ్డ వహాబీ మౌల్వీలు ఉన్న మాట నిజమే. వాళ్లే వీణ్ని ఉసిగొల్పి ఉంటారన్నది సందేహంగా కాక, తేలిపోయిన సంగతిలా నోట్లో నానింది.

అసలు షేర్ అలీ ఎవరు? ఖైబర్ కనుమ పక్కన తీరా కొండల అఫ్రిదీ పఠాను. పంజాబ్‌లో గుర్రపు సిపాయిగా ఇంగ్లీషువాళ్ల కొలువు చేశాడు. 1857 తిరుగుబాటును అణచడానికి వెళ్లిన దళాల్లోనూ ఉన్నాడంటారు. పెషావర్ కమిషనర్ రెనెల్ టేలర్ దగ్గర ఆర్డర్లీగా చేశాడు. టేలర్ మెచ్చి గుర్రాన్ని, పిస్తోలును, యోగ్యతాపత్రాన్ని ఇచ్చాడు. దొర పిల్లల్ని ఆడించేంత నమ్మకస్తుడు. ఇలాంటివాడు 1867లో కుటుంబ పగ మీద తన బంధువునొకణ్ని పెషావర్‌లో పట్టపగలు చంపాడన్న అభియోగం మీద దొరికాడు. కోర్టులో నేరం ఒప్పుకోలేదు. ఏప్రిల్ 2న మరణశిక్ష వేశారు, అప్పీలులో దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు. అండమాన్‌లో మంచివాడని పేరు తెచ్చుకుని మంగలి పని చేసుకునే వెసులుబాటు సంపాదించాడు. వీడు పట్టుబడ్డాక చెప్పినదాని సారం హంటర్ పుస్తకంలో ఉంది: తరతరాల పగవాణ్ని చంపడం తన లెక్కలో నేరం కాదు, దానికి శిక్ష వేసిన నాటి నుంచే పెద్ద హోదాగల తెల్లవాణ్ని ఒకణ్ని చంపాలని నిశ్చయించుకున్నాడు, మేయో ఓడ వచ్చిందని తెలిసిన రోజు కత్తి నూరుకున్నాడు. ఇంతకంటే విడమర్చి ఎవరు చెబుతారు? అయిదేళ్లు కడుపులో పెట్టుకున్న పగ అది. బంధువుల పగను కోర్టు ముట్టుకుంటే అది కోర్టు మీదికి మళ్లింది. కోర్టుకు ముఖం ఉండదు కాబట్టి ముఖమున్న పెద్దవాణ్ని వెతుక్కుంది.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. షేర్ అలీకి శిక్షపడిన ఆ 1867లోనే పంజాబ్ సరిహద్దు జిల్లాల కోసం 23వ నంబరు చట్టం వచ్చింది. మతోన్మాదంతో తెల్లవాళ్ల మీదా ప్రభుత్వ నౌకర్ల మీదా హత్యాయత్నం చేసేవాళ్లను విడిగా, గబగబా విచారించి ఉరితీయడానికీ, శవాన్ని అధికారులు తమ ఇష్టప్రకారం పారేయడానికీ చేసిన చట్టం. మతోన్మాది అనే మాట అప్పటిదాకా తిట్టు, అక్కడి నుంచి చట్టంలో ఒక జాతి పేరయింది. అంటే, పఠాను పఠాన్ని పొడిస్తే అది ‘కుటుంబ పగ’, దాన్ని తూచి శిక్ష తగ్గించవచ్చు. అదే పఠాను దొరను పొడిస్తే అది ‘ఉన్మాదం’, ఇక తూచేదేమీ లేదు. షేర్ అలీని ఈ చట్టం కింద విచారించలేదు, నిజమే. కానీ వాణ్ని చూసిన కళ్లు ఆ చట్టం చేసిన కళ్లే. ఒకే మనిషి చేసిన రెండు హత్యలకు రెండు నిఘంటువులు వాడారు. మొదటి హత్యకు కారణం అడిగారు, రెండోదానికి కారణం వాళ్లే చెప్పేశారు.

దీనికి మొదటి ఆక్షేపణ వాడి నోటి మాటే. ఎందుకు చేశావని అడిగితే దేవుడి ఆజ్ఞ అన్నాడు. నీతో ఎవరున్నారని అడిగితే మనుషుల్లో ఎవరూ లేరు, నా భాగస్వామి దేవుడే అన్నాడు. ఇంతకంటే మతోన్మాదానికి సాక్ష్యం ఏం కావాలని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. రెండో జవాబు ఏ ప్రశ్నకు వచ్చిందో చూడాలి. అడిగినవాళ్లకు కావలసింది కుట్రదారుల పేర్లు. ఆ సంకెళ్లలో ఉన్నవాడు ఎవరి పేరూ చెప్పకుండా తలుపు మూయడానికి అంతకంటే గట్టి మాట ఇంకేముంది? మొదటి జవాబు మాటకొస్తే, పైవాడి దయ, పైవాడి రాత అని రోజుకు పదిసార్లు అనే మనం దాన్ని అర్థం చేసుకోలేమా? కొండప్రాంతపు ముసల్మాను తన జీవితంలో అతి పెద్ద పనిని దేవుడి పేరు లేకుండా చెప్పుకోలేడు. మతం వాడి భాష. ఆ భాషలో చెప్పిన సంగతి మాత్రం 1867 నాటి తీర్పు.

రెండో ఆక్షేపణ మరికాస్త బలమైనది. నార్మన్ హత్య, వహాబీ ఖైదీల సహవాసం, అయిదు నెలల వ్యవధి, ఇవన్నీ కాకతాళీయమేనా? నార్మన్ సంగతి అండమాన్ ఖైదీలకు చేరి ఉంటుందని ఒప్పుకోవచ్చు, అది షేర్ అలీకి దారి చూపి ఉండవచ్చు కూడా. ఒకడు చేశాక ఇంకొకడికి తెగింపు రావడం లోకంలో ఉన్నదే. కానీ తెగింపు వేరు, కుట్ర వేరు. పోలీసులు దీవిలో కుట్ర కోసం గాలించినా ఎవరి మీదా రుజువు దొరకలేదు. దొరికి ఉంటే వదిలిపెట్టే ప్రభుత్వం కాదది, వహాబీల మీద కేసులు నడపడంలో దానికి అప్పటికే ఎనిమిదేళ్ల అలవాటుంది. పైగా కుట్ర వాదానికి కొండ అడ్డం వస్తుంది. మౌంట్ హారియట్‌కు వెళ్లాలన్నది వైస్రాయికి ఆ సాయంత్రమే పుట్టిన కోరిక. పగలంతా గట్టి కాపలా ఉన్న దీవుల్లో అందని మనిషి, కాపలా పలచబడ్డ హోప్‌టౌన్‌లో, షేర్ అలీ ఉండే చోటికి తనంత తానుగా వచ్చాడు. ఇలా తోసుకొచ్చిన అవకాశాన్ని పట్నా నుంచి ఎవరు పథకం వేస్తారు?

కుట్ర మాట ఒక వర్గానికి ఇంకో రకంగా కూడా పనికొచ్చింది, అది కాపలా బాధ్యత ఉన్న వర్గం. దేశవ్యాప్త కుట్ర అయితే ఆ రాత్రి కాగడాలు ఎందుకు చాల్లేదని ఎవరూ గట్టిగా అడగరు. యావజ్జీవ ఖైదీ చేతికి కత్తి ఎలా వచ్చిందన్న ప్రశ్న కూడా చిన్నదైపోతుంది. విచారణ నడిచింది పోర్ట్‌బ్లెయిర్ అధికారుల కోర్టులోనే అన్నది మరిచిపోకూడదు.

మేయో తర్వాత కొద్దిరోజులకు తాత్కాలిక వైస్రాయిగా కూర్చున్నది మద్రాసు గవర్నరు నేపియర్. ఆయన విడిచి వెళ్లిన ప్రెసిడెన్సీలోనూ ‘ఉన్మాదం’ లాంటి మాట ఒకటి చలామణిలో ఉండేది: ఫితూరీ. గోదావరి మన్యంలో ఎవరు ఎందుకు తిరగబడినా దస్త్రాల్లో అది ఫితూరీయే. 1879లో రంపలో లేచిన జనం ఏమడిగారో అందరికీ తెలుసు. మన్సబుదారు ఆగడాలు ఆపమన్నారు, తమ ఇంటి కల్లు మీద చిగురుపన్ను తీసేయమన్నారు. ప్రభుత్వమే విచారణ జరిపి ఆ సంగతి ఒప్పుకుంది కూడా. అయినా మనకు మిగిలిన మాట ఫితూరీ, చిగురుపన్ను కాదు. పేరు పెట్టే అధికారం ఉన్నవాడు కారణాన్ని చెరిపేయనక్కర్లేదు, దాని మీద ఒక పేరు అతికిస్తే చాలు.

తెల్లవాళ్లు పోయాక ఊహాగానం వైపు మార్చుకుంది. షేర్ అలీ దేశభక్తుడనీ, స్వాతంత్ర్య సమరయోధుడనీ ఒక వాదం. ఉరికొయ్య దగ్గర తోటి ఖైదీలతో మీ శత్రువును చంపాననీ, తాను ముసల్మానుననడానికి వాళ్లే సాక్షులనీ అన్నాడని అప్పటి మాట ఒకటుంది. ‘మీ శత్రువు’ అన్నాడు కదా, ఇది సొంత పగ ఎలా అవుతుందని అడగవచ్చు. అది నిజమే అనుకుంటాను, ఆ మాటను తేలిక చేయను. అయిదేళ్ల కిందట తన ఒక్కడిదే అయిన పగ, వేలమంది ఖైదీల మధ్య బతికాక, అందరిదీ అనిపించి ఉండవచ్చు. కానీ అది చావుకు ముందు చేతికి అందిన అర్థం, చేతికి కత్తి ఇచ్చిన కారణం కాదు. 1857లో ఇంగ్లీషు సైన్యంతో నడిచి, కమిషనరు ఇచ్చిన యోగ్యతాపత్రం దాచుకున్న మనిషిని దేశభక్తుడని పిలవాలంటే వాడి జీవితంలో సగం చించేయాలి. హంటర్ పేరు చించాడు, వీళ్లు చరిత్ర చించుతున్నారు. వాడి నోట వచ్చిన కారణం రెండు పక్షాలకూ ఇబ్బందే. అది సామ్రాజ్యాన్ని నీ న్యాయం మాకు ఎప్పుడు న్యాయమైందని అడుగుతుంది. మనల్ని, పగకు పగే ధర్మమనుకునే మనిషిని వీరుడని ఎలా పిలుస్తారని అడుగుతుంది. రెండింటికీ తేలికైన జవాబు లేదు. అందుకే కుట్ర, ఉన్మాదం, దేశభక్తి అనే మూడు రెడీమేడ్ చొక్కాల్లో ఏదో ఒకటి తొడిగి వాణ్ని పంపించేయడం అలవాటైంది.

కలకత్తా హైకోర్టు ఫిబ్రవరి 20న మరణశిక్షను ఖాయం చేసింది. మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు. వైస్రాయి చనిపోయిన 32వ రోజు అది. ఉరికి ముందు తీసిన ఫొటో ఒకటి మిగిలింది. అందులో షేర్ అలీ చేతులకు సంకెళ్లతో కూర్చుని ఉంటాడు. మౌంట్ హారియట్‌కు 2021లో ప్రభుత్వం మౌంట్ మణిపూర్ అని పేరు మార్చింది.