టెలివిజన్ వార్తల ప్రారంభ దృశ్యం

టెలివిజన్ వార్తల ప్రారంభ దృశ్యం అనగా వార్తా ప్రసారం మొదలయ్యే ముందు తెరపై కనిపించే చిత్రమాలిక, దానితోపాటు వినిపించే సంకేత సంగీతం. దీని నిడివి సాధారణంగా అర నిమిషం లోపే. ఈ కొద్ది వ్యవధిలో అది ముందటి కార్యక్రమం ముగిసిందని తెలపాలి, పక్క గదిలో ఉన్నవారిని తెర ముందుకు రప్పించాలి, రాబోయేది కథ కాదు నిజమేనన్న నమ్మకం కలిగించాలి. వీటిలో మూడవది కష్టమైన పని. సంగీతం స్వభావరీత్యా ఉద్వేగాన్ని రేపుతుంది. వార్త మాత్రం నిష్పాక్షికంగా ఉండవలెనని నియమం. ఈ విషయమై వచ్చిన వివాదాలు చాలావరకు ఈ వైరుధ్యం నుండి పుట్టినవే.

స్వరూపం

భూగోళం, గడియారం, దేశపటం, ఉపగ్రహ సంకేతాలను అందుకొనే గిన్నె ఆకారపు యాంటెన్నా - ఇవి అన్ని దేశాలలోనూ తరచుగా వాడబడే చిత్రాలు. సంగీతంలో ఇత్తడి వాద్యాలకు, డ్రమ్ములకు ప్రాధాన్యం ఎక్కువ. స్వరకర్త ఒక పూర్తి పాటను కాక, ముక్కలుగా విడదీసినా గుర్తుపట్టగల స్వరసముదాయాన్ని కూర్చవలసి ఉంటుంది. ఎందుకనగా అదే బాణీ ముఖ్యాంశాలు చదివేటప్పుడు మంద్రంగా వినబడాలి (దీనిని 'బెడ్' అంటారు), రెండు అంశాల మధ్య రెండు మూడు క్షణాలు మెరవాలి ('స్టింగ్'), చివర పేర్లతో ముగియాలి. పైగా వరదలలో జనం మరణించిన రోజున, క్రికెట్‌లో గెలిచిన రోజున వినబడేది అదే సంగీతం. కనుక అది సంతోషాన్ని గాని దుఃఖాన్ని గాని సూచించకూడదు.

బ్రిటన్

1967 జూలై 3న ఐటీఎన్ సంస్థ 'న్యూస్ ఎట్ టెన్' అనే అరగంట వార్తలను ప్రారంభించింది. జానీ పియర్సన్ రచించిన 'ది అవేకెనింగ్' దీని సంగీతం. లండన్ పార్లమెంటు భవనపు గడియార స్తంభం తెరపై కనిపించగా, బిగ్ బెన్ గంట ఒక్కొక్కసారి మ్రోగినప్పుడు ఒక్కొక్క ముఖ్యాంశం చదివేవారు. గంటకూ గంటకూ మధ్య ఉండే వ్యవధిలోనే వాక్యం ముగియాలి. ఆ విధంగా సంగీతం వార్తా రచనకు కూడా కొలత విధించింది. ఈ ముఖ్యాంశాలకే అక్కడ 'బాంగ్స్' అని పేరు స్థిరపడింది. ఈ కార్యక్రమం 1999లో నిలిపివేయబడి, 2001లో మరల మొదలై, 2004లో ఆగి, 2008లో తిరిగి వచ్చింది.

బీబీసీలో 1980లో ఆరంభమైన 'న్యూస్‌నైట్'కు సంగీతం సమకూర్చినవాడు జార్జ్ ఫెంటన్. రవిశంకర్‌తో కలిసి 'గాంధీ' (1982) చిత్రానికి పనిచేసినది ఈయనే.

1999 మే నెలలో బీబీసీ తన వార్తల రూపాన్ని పూర్తిగా మార్చింది. అంతవరకు నీలి రంగులో, గాజు బొమ్మల వలె గంభీరంగా ఉన్న దృశ్యాల స్థానంలో లాంబీ-నేర్న్ సంస్థ ఎరుపు, లేత మీగడ రంగులను తెచ్చింది. సంగీతం డేవిడ్ లోవ్‌ది. ఇతడు ఎంచుకొన్న ఆధారం ఎంతో సరళమైనది. 1924 ఫిబ్రవరి 5 నుండి బీబీసీ రేడియోలో వినబడుతున్న గ్రీనిచ్ కాలసంకేతంలో ఆరు 'పిప్'లు ఉంటాయి. వీటిలో మొదటి ఐదు పొట్టివి, ఆరవది దీర్ఘం. ఆ ఆరవదాని ఆరంభమే సరైన గంట. లోవ్ ఈ పిప్‌ల ధ్వనిని తీసుకొని దాని చుట్టూ డ్రమ్ముల లయను అల్లాడు. ఇత్తడి వాద్యాల ఆర్భాటం తగ్గింది, నృత్యశాలల లయ వచ్చింది. శ్రోతకు తెలియకుండానే పాత రేడియో విశ్వసనీయత కొత్త సంగీతంలోకి ప్రవేశించింది. బీబీసీ వార్తల ఛానెల్‌లో గంటకు ముందు అంకెలు తగ్గుతూ వచ్చే 'కౌంట్‌డౌన్' దీని విస్తృత రూపం. హాస్యనటుడు బిల్ బెయిలీ ఈ బాణీని తన వేదిక ప్రదర్శనలలో ప్రళయకాల నృత్యసంగీతంగా అనుకరించి నవ్వించాడు.

అమెరికా

ఎన్‌బీసీ 'హంట్లీ-బ్రింక్లీ రిపోర్ట్' (1956-1970) ముగింపులో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని రెండవ భాగం వినబడేది. న్యూయార్క్‌లోని డబ్ల్యూఏబీసీ కేంద్రం మరింత విచిత్రమైన ఎంపిక చేసింది. 'కూల్ హ్యాండ్ ల్యూక్' (1967) చిత్రంలో ఖైదీలు రోడ్డుకు తారు వేసే సన్నివేశానికి లాలో షిఫ్రిన్ కూర్చిన సంగీతాన్ని తన 'ఐవిట్‌నెస్ న్యూస్'కు వాడుకొన్నది. అందులో వడివడిగా సాగే స్వరాలు టెలిప్రింటర్ చప్పుడును తలపించడమే అది వార్తలకు అంతగా అమరడానికి కారణం కావచ్చు. 1985లో 'స్టార్ వార్స్' స్వరకర్త జాన్ విలియమ్స్ ఎన్‌బీసీకి 'ది మిషన్' అనే నాలుగు భాగాల రచన చేశాడు. ఇది దశాబ్దాలపాటు వాడబడింది. 2006లో సీబీఎస్ సంస్థ 'టైటానిక్' స్వరకర్త జేమ్స్ హార్నర్‌ను ఆశ్రయించింది. సినిమా సంగీతజ్ఞులు వార్తల గదిలోకి రావడాన్ని వార్త వినోదంగా మారుతున్నదనడానికి గుర్తుగా భావించేవారు ఉన్నారు.

ఇతర దేశాలు

జర్మనీలో 1952 డిసెంబరు 26న మొదలైన 'టాగెస్‌షౌ' రాత్రి ఎనిమిది గంటలకు గంట మ్రోతతో, హాన్స్ కార్స్టె రచించిన కొద్దిపాటి స్వరాలతో ఆరంభమవుతుంది. 2012లో ఈ సంగీతాన్ని మార్చే పని హాన్స్ జిమ్మర్‌కు అప్పగించనున్నారన్న వార్త రాగా ఆ దేశ పత్రికలలో పెద్ద చర్చ జరిగింది. 2014లో కొత్త స్టూడియో వచ్చినా మూల స్వరాలు మాత్రం నిలిచాయి.

సోవియట్ యూనియన్‌లో 1968లో మొదలైన 'వ్రేమ్యా' వార్తలకు గియోర్గీ స్విరిదోవ్ సంగీతం పేరొందింది. ఇది 1930ల నాటి మాగ్నితోగోర్స్క్ ఉక్కు కర్మాగార నిర్మాణం గురించి 1965లో వచ్చిన 'కాలమా, ముందుకు!' చిత్రంలోనిది. దేశం విచ్ఛిన్నమైనా బాణీ మిగిలింది. 2014 సోచి ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కూడా వినబడింది.

భారతదేశం

ఆకాశవాణి సంకేత సంగీతాన్ని నాజీల బెడద వలన బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ శివరంజని రాగఛాయలో కూర్చాడు. దూరదర్శన్ 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుండి విడివడింది. దాని సంకేత సంగీతం రవిశంకర్, షెహనాయ్ విద్వాంసుడు అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌లది. చిహ్నాన్ని అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య రూపొందించాడు. ఇది వార్తలకు మాత్రమే చెందినది కాదు, సంస్థ మొత్తానికి సంకేతం. విలంబంగా, విషాదఛాయతో సాగే ఈ బాణీ పాశ్చాత్య వార్తా సంగీతానికి పూర్తిగా భిన్నమైనది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనది. అక్కడ 1983లో తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టిన శాంతిస్వరూప్ (మరణం 2024) తొలి తెలుగు వార్తా చదువరిగా ప్రసిద్ధుడు. 2004లో టీవీ9 వచ్చిన తరువాత తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానెళ్ళు పెరిగాయి. వీటిలో ప్రారంభ సంగీతం ప్రారంభానికే పరిమితం కాలేదు. 'బ్రేకింగ్ న్యూస్' అక్షరాలతోపాటు ఏ క్షణాన్నయినా మ్రోగుతుంది, చదువరి మాటల కింద కూడా కొనసాగుతుంది. చిన్న వార్తకూ పెద్ద వార్తకూ ఒకే మ్రోత కావడంతో ఏది నిజంగా ముఖ్యమో వీక్షకుడు చెవితో గుర్తించే వీలు లేకుండా పోయింది.

ఇవి కూడా చూడండి

దూరదర్శన్
ఆకాశవాణి
రవిశంకర్