కంటైనర్ ఆర్కెస్ట్రేషన్ వేదికలు, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తర సముదాయాలు: పోలిక

కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రాములను అనేక కంప్యూటర్ల మీదికి పంచి, నడిపించి, పడిపోతే మళ్లీ లేపే సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ ఆర్కెస్ట్రేషన్ వేదిక అంటారు. వీటిలో కుబర్నెటిస్ ప్రధానమైనది. పనిలో ఎదురైన చిక్కును ప్రశ్నగా పెట్టి, తోటి ప్రోగ్రామర్ల నుంచి జవాబులు పొంది, ఓట్లతో వాటి విలువ తేల్చుకునే ఏర్పాటు ప్రశ్నోత్తర సముదాయం. వీటిలో బాగా పేరు పడింది స్టాక్ ఓవర్‌ఫ్లో. రెండింటినీ ఒకే తరగతి సరుకులుగా పక్కపక్కన పెట్టి మార్కులు వేసే పట్టికలు అక్కడక్కడా కనిపిస్తాయి గానీ వాటితో పెద్ద ప్రయోజనం లేదు. ఒకటి యంత్రాల్ని నడిపేది, ఇంకొకటి మనుషులు కూడే రచ్చబండ. అయినా ఒకే మనిషి ఒకే పూట ఒకదాని వెంట ఒకటి తెరిచేవి కాబట్టి ఈ పోలికకు అర్థం ఉంది.

పేర్లు, తేదీలు

కుబర్నెటిస్ అన్నది గ్రీకు మాట. ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. మన తీరంలో వినిపించే సరంగు, తండేలు అనే మాటలు దీనికి దగ్గరగా వస్తాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి, చివరి అక్షరాల మధ్య ఎనిమిది అక్షరాలు ఉన్నందున కే8ఎస్ అని కుదించి రాస్తారు. గూగుల్ లోపల 2003–04 ప్రాంతం నుంచి వాడుకలో ఉన్న బోర్గ్ అనే వ్యవస్థ అనుభవం దీనికి పునాది. బోర్గ్ వివరాలను గూగుల్ ఒక పరిశోధన పత్రంగా బయటపెట్టింది మాత్రం 2015లో, అంటే పిల్ల బయటికొచ్చిన తర్వాతే తల్లి సంగతి లోకానికి వివరంగా తెలిసింది. కుబర్నెటిస్‌కు మూల పురుషులుగా జో బీడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీల పేర్లు చెబుతారు.

పుట్టిన తేదీ విషయంలో మూడు లెక్కలున్నాయి. కోడ్ మొదటిసారి బహిరంగంగా పెట్టింది 2014 జూన్ 6న. డాకర్ సంస్థ సదస్సులో ప్రకటించింది అదే నెల 10న. 1.0 విడుదల 2015 జూలై 21న. కొందరు చివరిదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ప్రాజెక్టు వారు 2024లో పదేళ్ల పండగ జూన్ 6నే చేసుకున్నారు కాబట్టి ఈ వ్యాసంలోనూ ఆ తేదీనే పాటించాం.

స్టాక్ ఓవర్‌ఫ్లో అంతకు ఆరేళ్లు పెద్దది. జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దీన్ని నెలకొల్పారు. పిలిచినవారికి మాత్రమే ప్రవేశం ఉన్న ప్రయోగ దశ 2008 ఆగస్టు ప్రాంతంలో నడిచింది. అందరికీ తలుపులు తెరిచింది సెప్టెంబరు 15న. ఏది అసలు ఆరంభమన్న దాని మీద రాతలు ఏకీభవించవు, రెండోదే ఎక్కువ ప్రచారంలో ఉంది. పేరును మాత్రం ఆట్‌వుడ్ బ్లాగు పాఠకులే ఓటు వేసి ఎంచారు. ఓట్లతో నడిచే చోటుకు పేరూ ఓట్లతోనే రావడం కాకతాళీయం కాకపోవచ్చు.

ఈ రెండు తేదీల నడుమే, కంటైనర్లను తయారుచేసి నడిపే డాకర్ వచ్చింది. 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైథాన్ సదస్సులో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల్లో చూపించిన ప్రదర్శనతో కంటైనర్ అనే మాట మామూలు ప్రోగ్రామర్ నోట పడింది. దాని కింద పనిచేసే, ఏ ప్రోగ్రాము ఎంత మెమొరీ, సీపీయూ వాడుకోవాలో హద్దు పెట్టే సీగ్రూప్స్ అప్పటికే, 2008 జనవరిలో, లినక్స్ కెర్నెల్‌లో చేరి ఉంది. అదీ గూగుల్ ఇంజనీర్ల పనే.

వేదిక పని తీరు

కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపబండల వ్యాపారం తెలిసినవారికి ఈ భాగం తేలిగ్గా పడుతుంది. బండల ఫ్యాక్టరీ యజమాని లారీ ఆఫీసుకు ఫోన్ చేసి, రోజూ మూడు లోడ్లు పోవాలని చెబుతాడు. ఏ లారీ, ఏ డ్రైవరు, ఏ దారి అన్నది ఆయన చెప్పడు. దారిలో ఒక లారీ టైరు పేలితే ఆఫీసు ఇంకోటి పంపుతుంది. కుబర్నెటిస్‌లోనూ అంతే. ఫలానా ప్రోగ్రాము మూడు నకళ్లు నడుస్తూ ఉండాలని ఒక పత్రంలో రాసి ఇస్తే, ఎక్కడ ఖాళీ ఉందో షెడ్యూలర్ చూసుకుంటుంది. ఉండవలసిన స్థితికీ ఉన్న స్థితికీ తేడా వచ్చిందా అని కంట్రోలర్లు ఆగకుండా చూస్తుంటాయి. తేడా వస్తే సరిచేస్తాయి. ఈ లెక్కలన్నీ ఎట్‌సీడీ అనే దస్తరంలో ఉంటాయి. దాని సభ్య యంత్రాల్లో సగానికి మించి ఒప్పుకుంటేనే ఏ మార్పయినా ఖాయమవుతుంది.

ఆ సగానికి మించిన ఒప్పుదలను చూపి, ఇదీ ఓటింగే, అదీ ఓటింగే అని పోల్చినవారున్నారు. ఆ పోలిక మాటవరసకే నిలుస్తుంది. ఎట్‌సీడీ యంత్రాలు ఒప్పుకునేది ఏ మార్పు ముందు, ఏది వెనుక అన్న వరస మీదే. రాసింది నిజమా కాదా అన్నది వాటికి పట్టదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓటు వేసేది సరిగ్గా ఆ నిజం మీదే.

లారీ ఆఫీసు పోలికకూ ఒక హద్దుంది. లోడులోని బండే పగిలినదైతే ఎన్ని లారీలు మార్చినా పగిలిన బండే చేరుతుంది. ప్రోగ్రాములోనే తప్పుంటే కుబర్నెటిస్ దాన్ని లేపుతుంది, అది పడుతుంది, మళ్లీ లేపుతుంది. మొదట 10 సెకన్లు ఆగి, తర్వాత 20, తర్వాత 40, ఇలా రెట్టింపు చేసుకుంటూ అయిదు నిమిషాల దాకా పెంచి అక్కడ నిలుస్తుంది. పది నిమిషాలు పడకుండా నడిస్తే ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈ అవస్థకు తెర మీద కనిపించే పేరు క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్. పడుతోందన్న కబురే తప్ప ఎందుకు పడుతోందన్నది ఆ పేరులో లేదు. ప్రశ్నోత్తర సముదాయం అవసరం సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది.

పోటీ వేదికల గతి క్లుప్తంగా: డాకర్ వారి స్వార్మ్ తేలికైనదని మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నా, 2019 నవంబరులో డాకర్ తన ఎంటర్‌ప్రైజ్ వ్యాపారాన్ని మిరాంటిస్‌కు అమ్మేశాక వెనుకబడింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన మెసోస్‌ను అటకెక్కించాలని 2021లో దాని నిర్వాహకుల మధ్యే ఓటింగు నడిచింది. హాషీకార్ప్ 2015లో తెచ్చిన నోమాడ్ చిన్న జట్ల దగ్గర నిలదొక్కుకుంది.

సముదాయం పని తీరు

స్టాక్ ఓవర్‌ఫ్లోలో హోదా పాయింట్లతో వస్తుంది. ఒకరి జవాబుకు ఒక ఓటు పడితే 10 పాయింట్లు, అడిగినవారు అంగీకరిస్తే 15. ప్రశ్నకు పడే ఓటు విలువ మొదట్లో 5 ఉండేది, 2019 నవంబరులో 10 చేశారు. 15 పాయింట్లు ఉంటేనే ఇతరులకు ఓటు వేయొచ్చు, 50 ఉంటే ఎక్కడైనా వ్యాఖ్య రాయొచ్చు, 3,000 ఉంటే ప్రశ్నను మూసేయమని ఓటు వేయొచ్చు. కొత్తవారికి కష్టం కలిగించేది ఈ మూసివేతే.

కుబర్నెటిస్ ప్రశ్నల మీద ఈ కష్టం ఇంకో మెట్టు ఎక్కువ. స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రోగ్రామింగు ప్రశ్నలకే పరిమితం. సర్వర్ల నిర్వహణకు సర్వర్ ఫాల్ట్ అనే సోదర సైటు వేరే ఉంది. క్లస్టర్ నిలబెట్టడం, నెట్‌వర్కు కలపడం ప్రోగ్రామింగా, నిర్వహణా అన్నది ఎప్పుడూ తేలని తగువు. ఇటు చూస్తే కుబర్నెటిస్ డాక్యుమెంటేషన్ పేజీల అడుగున చాలాకాలం, వాడకం గురించి సూటి ప్రశ్న ఉంటే స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడగమన్న సూచన ఉండేది. అలా వెళ్లిన ప్రశ్నల్లో కొన్ని, ఇది ఇక్కడి విషయం కాదన్న ముద్రతో మూతపడ్డాయి. పెళ్లివారు పిలిస్తే వెళ్లినవాణ్ని వాకిట్లోనే ఆపినట్టుంది ఈ వ్యవహారం.

పాతబడటం

రెండింటి మధ్య అసలు తేడా కాలం విషయంలో ఉంది. విడుదల పత్రాలతో సరిచూసుకోగలిగిన విషయం కావడంతో ఈ భాగాన్ని కొంత విస్తరించాం.

కుబర్నెటిస్ పాత పద్ధతుల్ని ముందుగా చెప్పి మరీ తీసేస్తుంది. 2021 నుంచి ఏడాదికి మూడు విడుదలలు వస్తున్నాయి, అంతకుముందు నాలుగు వచ్చేవి. ఒక్కో విడుదలకు సుమారు 14 నెలలు మరమ్మతులు అందుతాయి. ఆ తర్వాత దాన్ని వాడేవారు తమ సొంత పూచీ మీద వాడుకోవాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో మాత్రం జవాబును తీసేయదు. ఒకప్పుడు సరైనదై, ఓట్లు పడి, పచ్చటి టిక్కు వచ్చిన జవాబు ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉంటుంది.

ఎన్ని నకళ్లు నడవాలో చెప్పే డిప్లాయ్‌మెంట్ పత్రం సంగతే చూడండి. మొదట్లో దాని తల మీద ఎక్స్‌టెన్షన్స్/వీ1బీటా1 అని రాసేవారు. 2017 డిసెంబరులో వచ్చిన 1.9తో యాప్స్/వీ1 స్థిరపడింది. 2019 సెప్టెంబరులో వచ్చిన 1.16 పాతదాన్ని స్వీకరించడం మానేసింది. ఆ రోజు నుంచి పాత జవాబును అచ్చంగా దించుకున్నవారికి, ఆ రకం వస్తువు ఆ వెర్షన్లో లేదన్న మొండి సందేశమే దక్కుతోంది. ఇక్కడ తల మీది వరుస మార్చి, ఏ పాడ్లను, అంటే కంటైనర్లను నడిపే ఏ కట్టలను, చూసుకోవాలో చెప్పే సెలెక్టర్ విడిగా రాస్తే సాధారణంగా పని జరుగుతుంది. బయటి నుంచి వచ్చే అభ్యర్థనల్ని లోపలికి పంపే ఇంగ్రెస్ విషయంలో అదీ చాలదు. 2021 ఆగస్టులో వచ్చిన 1.22 పాత రూపాన్ని తీసేసినప్పుడు, సర్వీసు పేరు రాసే చోటూ మారింది, దారి రకం చెప్పడమూ తప్పనిసరైంది. తల మార్చినా ఒళ్లు పాతదే అయితే పత్రం తిరస్కారమే.

ఇంతకన్నా చిక్కైనది కమాండు మారకుండా అర్థం మారడం. కుబర్నెటిస్‌కు ఆదేశాలిచ్చే క్యూబ్‌సీటీఎల్‌తో ఒకప్పుడు క్యూబ్‌సీటీఎల్ రన్ అని కొడితే డిప్లాయ్‌మెంట్ తయారయ్యేది. 2020 మార్చిలో వచ్చిన 1.18 నుంచి ఒంటరి పాడ్ మాత్రమే తయారవుతోంది. పాత జవాబు చదివి అదే కమాండు కొట్టినవాడికి తప్పు జరిగిందన్న సందేశమేదీ రాకపోవచ్చు. ఆ పాడ్‌ను తొలగిస్తే మళ్లీ లేవదు, అంతే. డాకర్‌ను నేరుగా వాడుకునే డాకర్‌షిమ్ తొలగింపు మీద 2020 చివర్లో ఎంత గగ్గోలు రేగిందంటే, కంగారు పడవద్దంటూ ప్రాజెక్టు వారే ప్రత్యేకంగా వివరణ రాసుకోవలసి వచ్చింది. అది నిజంగా పోయింది 2022 మేలో, 1.24తో. డాకర్‌తో తయారుచేసిన కంటైనర్ ఇమేజీలు ఆ తర్వాతా మామూలుగానే నడిచాయి.

ఈ లోపం సముదాయం వారికి తెలియనిది కాదు. కాలం చెల్లిన జవాబుల మీద 2021లో వారు ప్రత్యేకంగా పనిచేశారు. అంగీకరించిన జవాబును అన్నిటికన్నా పైన మేకు కొట్టి ఉంచే పద్ధతిని ఆ ఏడాదే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎత్తేశారు. మంచి మార్పే, కాకపోతే ఆలస్యంగా వచ్చింది. ఏ వెర్షనుకు ఆ జవాబు వర్తిస్తుందో చెప్పే గడి మాత్రం పాత జవాబుల్లో చాలావాటికి లేదు. తేదీ చూసి పాఠకుడే లెక్క కట్టుకోవాలి.

తన ఇంటి సంగతి

వేలమందికి కుబర్నెటిస్ జవాబులు దొరికిన స్టాక్ ఓవర్‌ఫ్లో తాను మాత్రం చాలాకాలం ఆర్కెస్ట్రేషన్ జోలికి పోలేదు. ఒకే పెద్ద డాట్‌నెట్ ప్రోగ్రాము, సొంత సర్వర్లు, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసు, వీటితోనే లోకమంతటికీ సమాధానం చెప్పింది. వెబ్ సర్వర్లు తొమ్మిదని కొందరు, పదకొండని కొందరు రాస్తారు. 2016లో సంస్థ ఇంజనీర్లు ఇచ్చిన వివరం ప్రకారం మొత్తం పదకొండు, అందులో ప్రధాన సైట్లకు తొమ్మిది. కాబట్టి రెండు లెక్కలూ తప్పు కాదు. చిన్న పనికి పెద్ద వేదిక ఎందుకన్న వాదనకు ఈ ఉదాహరణను తరచూ చూపేవారు. 2021లో ప్రోసస్ సంస్థ దీన్ని 180 కోట్ల డాలర్లకు కొన్నది. బహిరంగ సైటును గూగుల్ క్లౌడ్ మీద నడపాలని ఎంచుకున్నట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటన వెలువడింది. చాట్‌జీపీటీ రాసిన జవాబుల్ని 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లోలో నిషేధించారు, అదే స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ 2024 మేలో ఓపెన్‌ఏఐతో ఒప్పందం చేసుకుంది. ప్రశ్నల రాక బాగా తగ్గడానికి ఆ కృత్రిమ మేధ ఒక్కటే కారణమా, మూసివేతల కాఠిన్యమూ ఉందా అన్నది వాదనలో ఉంది. రెండోదానికీ వాటా ఉందన్న అభిప్రాయం బలంగానే వినిపిస్తోంది.

తెలుగునాట

రాయలసీమ నుంచి సాఫ్ట్‌వేర్ దారి పట్టినవారికి కుబర్నెటిస్ పరిచయం ఎక్కువగా హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో జరుగుతుంది. అక్కడ డెవ్‌ఆప్స్ అనే మూటలో లినక్స్, జెన్‌కిన్స్, డాకర్‌తో పాటు ఇదీ కలిసి వస్తుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదు క్లౌడ్ రీజియన్ తెరిచింది. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాక, కుబర్నెటిస్ సృష్టికర్తల్లో ఒకరైన బ్రెండన్ బర్న్స్ 2016లో ఆ సంస్థలో చేరారు. ఆ ప్రాజెక్టు కోడ్ నిలిచి ఉన్న గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొనేసింది.

నేర్చుకునే ఖర్చులో మాత్రం రెండింటికీ పొంతన లేదు. జవాబు చదవడానికి చేతిలో ఫోన్ చాలు. ఇంట్లో క్లస్టర్ ఆడించాలంటే, ఒకే కంప్యూటర్ మీద కుబర్నెటిస్ నడిపే మినీక్యూబ్‌కే కనీసం రెండు సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమొరీ కావాలి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు 2019లో వచ్చిన కే3ఎస్ వంటి తేలిక రకాల వైపు పోతారు. భాష సంగతికొస్తే, స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంగ్లీషు కాక పోర్చుగీసు, జపనీసు, రష్యన్, స్పానిష్ భాషల్లో విడి సైట్లు పెట్టింది. భారతీయ భాషలకు ఆ భాగ్యం కలగలేదు. ప్రధాన సైటులో ఇంగ్లీషు తప్ప మరో భాష చెల్లదన్న నియమం 2009లోనే ప్రకటించారు కాబట్టి, తెలుగులో అడిగిన ప్రశ్న అక్కడ మూతపడుతుంది.

ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునేవారు రాసే సీకేఏ అనే కుబర్నెటిస్ నిర్వాహకుల ధ్రువపత్ర పరీక్ష 2017లో మొదలైంది. రెండు గంటల పాటు నిజమైన క్లస్టర్ల మీద పనిచేసి చూపాలి, గట్టెక్కడానికి 66 శాతం రావాలి. పరీక్ష నడుస్తుండగా కుబర్నెటిస్ సొంత డాక్యుమెంటేషన్ తెరుచుకోవచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లో తెరవడానికి వీల్లేదు.