గస్తీ తిరిగే కాగితం

ఇంటర్నెట్టుకు మనవాళ్ళు అంతర్జాలమని పేరు పెట్టుకున్నారు. సంస్కృతంలో ‘అంతర్’ అనే అవ్యయానికి ‘లోపల’ అనీ, ‘నడుమ’ అనీ రెండర్థాలున్నాయి. ఊళ్ళ నడుమ, దేశాల నడుమ పరచుకున్న వల కనుక ఆ పేరు చెల్లింది. అయితే కార్యాలయాల గోడల లోపల, ఆ ఉద్యోగులకు మాత్రమే కనబడే వల మరొకటున్నది. దానిని ఇంట్రానెట్టంటారు. ‘లోపల’ అనే అర్థాన్ని పట్టుకుంటే అంతర్జాలమన్న పేరు దానికే ఎక్కువ తగును. పేరు సంగతి నిఘంటుకారులు తేల్చుకుంటారు గాక. లోపలివారికోసం రాసే రాత ఎట్లా ఉండాలన్న ప్రశ్న మాత్రం కంప్యూటరుతో పుట్టినది కాదు. మా ఓరుగల్లు ప్రాంతపు కచేరీలలో అది నూటయాభై ఏండ్లకు పైబడిన ప్రశ్న.

మొదటి సాలార్‌జంగు 1853 నుండి 1883 వరకు నిజాం రాజ్యానికి దివానుగా ఉన్నాడు. 1865లో ఆయన జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరచాడు. జిల్లాలు ఏర్పడగానే కాగితానికి పని పెరిగింది. హైదరాబాదు నుండి జిల్లాకు, జిల్లా నుండి తాలూకాకు, తాలూకా నుండి గ్రామానికి ఆజ్ఞ దిగాలి. లెక్క అదే దారిన పైకెక్కాలి. ఆ రాత మొదట పారసీకంలో నడిచింది, 1880లలో ఆ స్థానం ఉర్దూకు వచ్చింది. కచేరీలో ఉన్నవారికి పారసీకం కంటె ఉర్దూ దగ్గరిది కనుక అది కొంత మేలైన మార్పే. కాని రాజ్యంలో అత్యధికుల ఇంటి భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. కాగితం కచేరీ గడప దాటగానే మూగదయ్యేది.

ఆనాటి కార్యాలయాలు లోపల తిప్పుకొనే ఉత్తర్వును ‘గష్తీ’ అనేవారు. గష్త్ అంటే చుట్టి రావడం. రాత్రిపూట పోలీసులు గస్తీ తిరుగుతారని మనమనే మాట కూడా అదే. ఇంగ్లీషు సర్క్యులర్‌లోనూ, మనవారు దానికి కల్పించిన ‘పరిపత్రం’లోని ‘పరి’లోనూ ఉన్నది ఆ చుట్టడమే. మూడు భాషలవారూ ఆ కాగితాన్ని తిరిగేదానిగానే ఊహించారు. అది తిరిగి తిరిగి ఎవరికి అర్థమైందన్న సంగతి ఆ పేర్లలో ఎక్కడా లేదు.

గష్తీలలో చరిత్రకెక్కినది గష్తీ నిషాన్ 53. ముందుగా అనుమతి పొందనిదే సభలు జరపరాదని కట్టడి చేసిన ఉత్తర్వు అది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలకు ఆ గష్తీతో దీర్ఘకాలం పోరు తప్పలేదు. రూపంలో అది కార్యాలయం తన అధికారులకు రాసుకున్న కాగితం. ఫలితంలో అది ఊరూరి నోటికీ వేసిన తాళం. లోపలివారికోసం రాసిన రాత బయటివారి బ్రతుకులను ఏలుతుందనడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

గ్రామంలో ఆ కాగితానికి కడపటి పాఠకుడు పట్వారీ. పహాణీ, సేత్వార్, జమాబందీ, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ అనే మాటలన్నీ అతని దస్త్రంలోనివి. భూమి దున్నేవానికి ఆ మాటలు వినడం వచ్చు, చదవడం రాదు. తన పేరు పహాణీలో ఉన్నదో లేదో పట్వారీ చెబితేనే తెలియాలి. అతడు చదివి చెప్పినంతే ప్రభుత్వం చెప్పినట్టు. రాసినవానికీ, అనుభవించేవానికీ నడుమ ఉన్న ఆ ఖాళీలోనే ఒక అధికారం పెరిగింది. అక్షరాస్యత లేకపోవడమొక్కటే దానికి కారణమని నేననుకోను. చదువు వచ్చినవానికి కూడా ఆ రాత అందేది కాదు.

1948లో నిజాం పాలన ముగిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో అధికార భాషల చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు పి.వి. నరసింహారావుగారు. మా నర్సంపేట ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టినవారు. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం వెలసింది. కచేరీకి తెలుగు రావడం చిన్న విజయం కాదు. అయితే వచ్చిన తెలుగు ఎటువంటిదో కూడా చూడాలి. ఇంగ్లీషు వాక్యపు ఎముకలగూటికి సంస్కృత పదాల చర్మం కప్పితే అది తెలుగు కాబోదు. సచివాలయం, కార్యదర్శి వంటి మాటలు నిలిచినవి. దరఖాస్తు, తాఖీదు, ముసాయిదా వంటి పాత మాటలు ఎవరు వెళ్ళగొట్టినా పోలేదు. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు వచ్చిన మండల రెవెన్యూ అధికారి పేరు పోయి, కొన్నేండ్లకు తహశీల్దారే తిరిగి వచ్చాడు. జనం నోట అరిగిన మాటకుండే బలమది.

ఉద్యోగకాలంలో నేనెరిగిన ఒక సర్క్యులర్ సంగతి చెబుతాను. రెండు పుటల కాగితం. ‘పై సూచికలోని ఉత్తర్వులను పురస్కరించుకొని’ అని మొదలై, క్రియాపదం కనబడేసరికి సగం పుట గడిచింది. అందరం చదివినట్టు సంతకాలు చేసి, తెచ్చిన అటెండరునే అడిగాము, చేయవలసినదేమిటని. ‘పదో తారీఖు లోపల తరగతివారిగ పిల్లల లెక్క పంపాలె సార్, గంతే’ అన్నాడు. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా అన్న మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. రెండు పుటల పాండిత్యం దానికి ముందు వెలవెలబోయింది. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక అంటున్నాను, కర్తను దాచిపెట్టిన వాక్యంలో బాధ్యత కూడా దాగుతుంది.

ఇక మంచి రాతకు మేలుబంతి కావాలంటే నెక్కొండలో నాకు కనబడేది రైలు స్టేషనే. నిజాం రైల్వే 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ దారిమీదిదే మా స్టేషను. రైల్వేవారి లోపలి కాగితాలలో కాషన్ ఆర్డర్ అని ఒకటున్నది. ఏ స్టేషనుకూ ఏ స్టేషనుకూ నడుమ, ఏ కిలోమీటరు నుండి ఏ కిలోమీటరు వరకు, ఎంత వేగం మించకూడదు, ఎందువల్ల అనేది అందులో ఉంటుంది. బండి నడిపేవాడు అందుకొని సంతకం చేస్తాడు. విశేషణానికి చోటు లేదు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు ఇంటికన్నె, కేసముద్రం నడుమ పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అట్లాంటి చోట మరమ్మతు ముగిసి బండ్లు మళ్ళీ కదిలేటప్పుడు వేలమంది ప్రాణాలు ఆ నాలుగు అంకెలమీద ఆధారపడతాయి. స్టేషను పని నియమాలకు కూడా రైల్వేవారు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. నియమాలు తమకు అర్థమైనవని సిబ్బంది సంతకం చేయాలి. ఇంగ్లీషు రానివారికి వచ్చిన భాషలో వివరించాలి. అర్థం కాకుంటే ప్రమాదం జరుగుతుందని వారు ఒప్పుకున్నారు. మిగతా కార్యాలయాలలోనూ ప్రమాదం జరుగుతుంది, కాకపోతే చప్పుడు కాదు.

ఇప్పుడు కాగితం పోయి తెర వచ్చింది. రైల్వేలకు రైల్‌నెట్టున్నది, రెండు తెలుగు రాష్ట్రాల కచేరీలలోనూ ఎన్.ఐ.సి. వారి ఈ-ఆఫీసున్నది. అక్కడ మనబోటి యూనికోడు మిత్రులకు బాగా తెలిసిన చిక్కొకటి ఉన్నది. మన కచేరీలలో ఏండ్ల తరబడి యూనికోడు కాని ఖతులలో టైపుచేసిన తెలుగు ఉత్తర్వులు, ఆ ఖతి లేని యంత్రంలో పిచ్చిగీతలై కనబడతాయి. వెదికితే దొరకవు. చేతిలో ఉండీ దొరకని ఉత్తర్వుకూ, పారసీకంలో రాసిన ఉత్తర్వుకూ భేదమేమిటి?

1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పహాణీ తెరకెక్కినా, తెరమీది గడిలో తన భూమిపేరిట ఏమి రాసి ఉన్నదో తెలుసుకోవడానికి మా ఊళ్ళలో ఇంకా ఒకరిని వెంటబెట్టుకొని పోయేవారున్నారు. పట్వారీ పోయినా అతడు నిలుచున్న ఖాళీ పూర్తిగా పూడలేదు.

మిత్రులలో అనేకులు పెద్ద సంస్థలలో పనిచేసేవారు. మీ సంస్థ లోపలి వలలో సెలవుల నియమమో, జీతపు కోత వివరమో, భద్రతా సూచనో రాసే పని ఎప్పుడైనా మీ మీద పడవచ్చు. రాయడం ముగించాక, ఆ సంస్థలో దాని ప్రకారం నడుచుకోవలసిన కడపటి మనిషి ఎవరో కనుక్కొని, ఒక్కసారి అతనిచేత చదివించండి. అతడు పక్కవానిని అడగకుండా పని మొదలుపెడితే దానిని పంపించండి. అడిగితే, అతడు అడిగిన ప్రశ్నకు జవాబునే మొదటి వాక్యంగా పెట్టి మళ్ళీ రాయండి.