పాత ఫోన్లకు రెండో గిరాకీ: కామారెడ్డి, ఎల్లారెడ్డి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లలో పాత ఫోన్ పారేయకపోవడం పర్యావరణ స్పృహతో వచ్చిన అలవాటు కాదు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే వీధి బేరం సెల్‌ఫోన్ కంటే ఎంతో ముందుది. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాక ఊళ్లకు చేరిన కీప్యాడ్ ఫోన్‌నూ బ్యాటరీ, బటన్లు మార్చుకుంటూ ఏళ్ల తరబడి నడిపించారు.

స్మార్ట్‌ఫోన్ చేతులు మారడానికి ఇక్కడ గల్ఫ్ పెద్ద కారణం. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. కాబట్టి దుబాయిలో ఉన్న కొడుకు మొహం చూస్తూ మాట్లాడాలంటే ఇంట్లో ఇమో, తర్వాత బోటిమ్ ఉండాల్సి వచ్చింది. కీప్యాడ్ ఫోన్‌లో అవి పనిచేయవు. చుట్టీకి వచ్చినవాడు తను వాడిన ఫోన్ అమ్మకో నాన్నకో ఇచ్చి వెళ్లడం అలా మొదలైంది. కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016లోనే జియో వచ్చి, ఈ వీడియో కాల్స్‌కు కావాల్సిన డేటా చవకైంది.

కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాక, వాటిని ఫోన్‌లో చూడటానికి బీరువాలో పడి ఉన్న ఫోన్లకూ డిస్‌ప్లేలు వేయించారు. రిపేరు దుకాణాల్లో డెడ్ ఫోన్‌కూ విలువ ఉంది: దాని కెమెరా, స్పీకర్ అదే మోడల్ మరో ఫోన్‌కు పనికొస్తాయి. ఫోన్‌ను ముందుగా మూలన పడేసేది చాలాసార్లు సాఫ్ట్‌వేరే. ఆండ్రాయిడ్ వెర్షన్ పాతబడితే బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

తర్వాత గిన్నెల బేరమే ఫోన్లకూ పాకింది. పాడైన ఫోన్‌కు ప్లాస్టిక్ టబ్బు ఇవ్వడం లాభసాటిగా కనిపిస్తుంది గానీ, టబ్బుతో పోల్చలేనంత విలువ ఫోన్ లోపలి డేటాకు, ఆ ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరుకు ఉంది. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు గోదావరిఖనిలో ఇలా సేకరించిన సుమారు 4,000 ఫోన్లతో బీహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. అవి సైబర్ మోసగాళ్లకు చేరుతున్నాయని విచారణలో తేల్చారు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై పెట్టినా, పల్లె గడప దాకా వచ్చేది ఇప్పటికీ తోపుడుబండే. పోయిన ఫోన్లను పట్టే సీఈఐఆర్ వ్యవస్థ కూడా 2023లోనే దేశమంతా అందుబాటులోకి వచ్చింది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవారు కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు చేర్చి 14422కు ఎస్ఎంఎస్ చేస్తే, అది బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది.