పన్నెండో రౌండులో కొట్టేసిన సరుకు

ఏటా ఆగస్టు చివర్లో మా ఆఫీసులో ఓ తంతు జరుగుతుంది. పన్నెండుమందిమి కాన్ఫరెన్స్ రూములో తలుపేసుకుని, లాప్‌టాపులు ముందేసుకుని ఫుట్‌బాల్ ఆటగాళ్ళని పంచుకుంటాం. ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసిన కాలితో తన్నే ఆట కాదు, అమెరికా వాళ్ళు బంతి చేత్తో పట్టుకుని పరిగెడుతూ కూడా ఆ పేరే పెట్టుకున్న ఆట :). ఫాంటసీ క్రికెట్ తెలిసినవాళ్ళకి సంగతి కొత్త కాదు. కాకపోతే ఇక్కడ ఒక ఆటగాడు ఒక్కడికే దక్కుతాడు. నేను తీసుకుంటే మీకు లేడు. అందుకని ఎవణ్ణి తీసుకోవాలన్నది ఎంత ముఖ్యమో, ఎన్నో రౌండులో తీసుకోవాలన్నదీ అంతే ముఖ్యం. ఎవరూ పట్టించుకోని వాణ్ణి ఏ పన్నెండో రౌండులోనో పట్టుకుంటే, వాడు సీజనంతా దుమ్ము దులిపితే, దాన్ని 'స్టీల్' అంటారు. కొట్టేసిన సరుకు అన్నమాట.

ఈ మాటతోనే నాకు పేచీ. అదేంటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1962లో ఓక్లండ్ రైడర్స్ జట్టు ఆటల కోసం న్యూయార్కు వెళ్ళింది. జట్టులో కొద్దిపాటి వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన, జట్టు ప్రచార వ్యవహారాలు చూసే బిల్ టనెల్, ఓక్లండ్ ట్రిబ్యూన్ విలేఖరి స్కాటీ స్టర్లింగ్ హోటల్లో కూర్చుని ఈ ఆటకి నియమాలు రాసుకున్నారు. మరుసటేడు, 1963లో, వింకెన్‌బాక్ ఇంట్లోనే మొదటి డ్రాఫ్టు జరిగింది. మొట్టమొదట ఎంపికైనవాడు జార్జ్ బ్లాండా. క్వార్టర్‌బ్యాకూ ఆయనే, బంతి తన్నే కిక్కరూ ఆయనే. 1961లో 36 టచ్‌డౌన్ పాసులు వేసిన ఘనుడు. ఆయన తర్వాత గానీ జిమ్ బ్రౌన్ పోలేదు. ఆ ఏడాది జిమ్ బ్రౌన్ 14 ఆటల్లో 1863 గజాలు పరిగెత్తాడు!

అంటే డ్రాఫ్టు పుట్టిన రోజే 'అయ్యో, వాణ్ణి తీసుకోవాల్సింది' అన్న మాట కూడా పుట్టిందన్నమాట.

తర్వాత చాలా ఏళ్ళు అందరూ చేసింది ఒకటే. పోయినేడు ఎవరు బాగా ఆడితే వాణ్ణి ముందు తీసుకోవడం. ఇంటర్నెట్ వచ్చిన తొలి రోజుల్లో జో బ్రయంట్ అనే ఆయన దీన్ని తిరగేశాడు. ఆటగాడి విలువ వాడు తెచ్చే పాయింట్లు కాదు, వాడు లేకపోతే అదే స్థానంలో దొరికే మామూలు వాడికన్నా ఎన్ని పాయింట్లు ఎక్కువ తెస్తాడన్నదే విలువ అన్నాడు. ఉదాహరణకి, మొదటి క్వార్టర్‌బ్యాక్ 350 పాయింట్లు, పన్నెండోవాడు 300 తెస్తారనుకుందాం. తేడా 50. మొదటి రన్నింగ్ బ్యాక్ 280, ఇరవైనాలుగోవాడు 130 తెస్తారనుకుందాం. తేడా 150. పాయింట్లు తక్కువైనా ముందు తీసుకోవాల్సింది రన్నింగ్ బ్యాక్‌నే. ఎక్సెల్ షీటు చేతిలో ఉన్న ప్రతివాడికీ ఇది వేదమైపోయింది.

మరి అందరికీ తెలిసిపోయాక అది బేరం ఎలా అవుతుంది? అందరూ రన్నింగ్ బ్యాకుల మీద పడేసరికి వాళ్ళ ధర కొండెక్కింది. 2013లో షాన్ సీగెల్ మళ్ళీ తిరగేశాడు. రన్నింగ్ బ్యాకులు తరచూ దెబ్బలు తగిలి కూర్చుంటారు, కాబట్టి మొదటి రౌండ్లలో వాళ్ళని వదిలేసి చివర్లో చవగ్గా ఏరుకోండి అన్నాడు. కొన్నాళ్ళకి అదీ పాతబడింది. మన ఫీల్డులో కొత్త టెక్నాలజీ నేర్చుకున్న మొదటి వందమందికి ఉండే గిరాకీ లక్షో వాడికి ఉండదు కదా, అలాగే.

లెక్కలకి అసలు అందనివాళ్ళూ ఉంటారు. కర్ట్ వార్నర్‌ని 1994లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. గ్రీన్ బే క్యాంపుకి వెళ్తే తీసేశారు. అయోవాలో ఒక కిరాణా సూపర్‌మార్కెట్లో గంటకి 5.50 డాలర్లకి రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు. 1999 ఆగస్టులో సెయింట్ లూయిస్ రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతినడంతో వార్నర్‌కి చోటు దొరికింది. ఆ సీజన్లో 41 టచ్‌డౌన్ పాసులు, ఆఖర్న సూపర్ బౌల్. అంతకుముందు రోజు దాకా అతనెవరో పట్టనివాళ్ళే 'నేను అప్పుడే అనుకున్నా' అనే రకాలు.

ఇక అసలు జట్ల సంగతి. 2005లో కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ (2017లో నోబెల్ వచ్చిన ఆయనే) నిజం డ్రాఫ్టు మీద ఒక పరిశోధనా పత్రం రాశారు. మొదటి ఎంపికలకి జట్లు అతి నమ్మకంతో ఎక్కువ పోస్తున్నాయి, పెట్టిన డబ్బుకి ఎక్కువ మిగిలేది రెండో రౌండులో అని తేల్చారు. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. 2011లో కొత్త ఒప్పందం వచ్చింది. ఆటగాళ్ళ యూనియన్ కూడా సంతకం పెట్టింది. ఆ ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 2.2 కోట్లు. ఇంకా బంతి ముట్టనివాడికి అన్ని కోట్లెందుకన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఎంత బాగా ఆడినా మూడు సీజన్లు అయ్యేదాకా జీతం గురించి మళ్ళీ మాట్లాడకూడదన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

2022 డ్రాఫ్టులో చిట్టచివరి వాడు, 262వ ఎంపిక, బ్రాక్ పర్డీ. 2023 సీజన్లో జట్టుని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. అప్పుడతని ఏడాది జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు. గడువు తీరాక, 2025లో, అయిదేళ్ళకి 26.5 కోట్లు. అతని కథ సుఖాంతమే అనుకోండి. రన్నింగ్ బ్యాకులకి ఆ మూడేళ్ళలోనే ఒళ్ళు హూనమైపోతుంది. 2022లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు (1653) పరిగెత్తిన జాష్ జేకబ్స్‌కి మరుసటేడు దీర్ఘకాలిక కాంట్రాక్టు దక్కలేదు, ఒక్క ఏడాదికే సరిపెట్టుకున్నాడు. ఏ జట్టు అంటారా? రైడర్సే!

నేనీ దేశం వచ్చిన కొత్తల్లో ఒక కన్సల్టెన్సీలో పనిచేశాను. క్లయింటు దగ్గర నా పేరున గంటకి ఎంత వసూలు చేస్తున్నారో రెండేళ్ళ దాకా నాకు తెలీదు. ఓ రోజు పొరపాటున ఒక ఇన్‌వాయిస్ నా మెయిల్‌కి వచ్చింది. నా చేతికొచ్చేది అందులో సగం కూడా లేదు. మా మేనేజరు నన్ను అందరికీ "చాలా వ్యాల్యూ ఉన్న రిసోర్స్" అని పరిచయం చేసేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. వీసా వాళ్ళ చేతిలో ఉంది, మాట్లాడే ధైర్యం లేదు. మీలో చాలామందికి ఈ కథ చెప్పక్కర్లేదు.

నా పేచీ ఇదీ. 'తక్కువ ధరకి దొరికాడు' అన్నది కొనేవాడి మాట. ఆటలో ఆ తేడా పాయింట్లుగా నా ఖాతాలో పడుతుంది, ఎవడికీ నష్టం లేదు. నిజంలో ఆ తేడా ఒకడి జీతంలోంచి వస్తుంది. ఆటగాడు చవగ్గా దొరకడానికి ఒక్కోసారి కారణం మన కళ్ళు కనిపెట్టలేకపోవడం, వార్నర్ విషయంలో లాగా. చాలాసార్లు మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, వాడు అడగకూడదని ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఈసారి డ్రాఫ్టులో కూడా నేను పన్నెండో రౌండు కోసం జాబితా తయారు చేసుకునే వెళ్తాను, అందులో దాపరికం లేదు. ఎవడో ఒక కుర్రాడు దొరికితే పక్కవాళ్ళు 'స్టీల్' అని అరుస్తారు. నేనూ నవ్వుతాను. ఆ మాటకి అసలు అర్థం మాత్రం నాకు ఆ ఇన్‌వాయిస్ చూసినప్పుడే తెలిసింది.