ఆగని బట్ట, కట్టని జరిమానా

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా నయాగరా గురించి చెబుతారు. నేను ఓ కోర్టు గురించి చెబుతానంటే మావారు నవ్వి, "అంతదూరం వెళ్ళి కోర్టుకెక్కావా?" అన్నారు. ఎక్కాను మరి! మెట్లు మాత్రమే లెండి.

మా అమ్మాయి ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో. అక్కణ్ణించి కారులో ముప్పావుగంట పోతే కానన్‌డేగ్వా అనే ఊరు వస్తుంది. ఆంటారియో కౌంటీకి అది ముఖ్యపట్టణం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. కానీ కలెక్టరుగారుండరు. 16 టౌన్లూ, 2 నగరాలూ ఎన్నుకున్న 21 మంది సూపర్‌వైజర్ల బోర్డుదే పెత్తనం. తమాషా ఏమిటంటే, వాళ్ళ ఓట్లన్నీ సమానం కావు. జనం ఎక్కువున్న ఊరివాళ్ళ ఓటుకు బరువెక్కువ. 1789లో పుట్టినప్పుడు ఈ కౌంటీ రాష్ట్రపు పడమటి భాగమంతా పరుచుకుని ఉండేది. ఉమ్మడి కుటుంబంలో వేరుకాపురాలు పెట్టినట్టు తర్వాత డజనుకు పైగా కౌంటీలు అందులోంచి విడిపోయాయి.

ఎప్పుడో మంచుయుగంలో హిమానీనదాలు గోకిన చోట చేతివేళ్ళలాంటి పొడుగాటి సరస్సులు ఏర్పడ్డాయి. అందులో ఒకదాని ఒడ్డునే ఈ ఊరు. సరస్సు చూద్దామని వెళ్ళిన నాకు గుమ్మటం మీద న్యాయదేవతతో, 1858 నాటి కోర్టు భవనం కనిపించింది. దాని ముందు ఓ పెద్ద బండరాయి.

"ఆ రాయేమిటే?" అంటే, మా అమ్మాయి చెప్పిన కథ ఇది.

1794 నవంబరు 11న ఈ ఊళ్ళోనే, అక్కడి ఆదివాసుల ఆరు తెగల కూటమితో అమెరికా ప్రభుత్వం ఒడంబడిక చేసుకుంది. మీ భూమి మీదే, మీ జోలికి రామని రాసిచ్చింది. శాశ్వతంగా ఏటా 4,500 డాలర్ల విలువైన బట్టలూ, పశువులూ, పనిముట్లూ ఇస్తామంది. బట్ట ఈనాటికీ వస్తోంది! కానీ ఆ 4,500 అలాగే ఉన్నాయి, ధరలు మాత్రం ఊరుకుంటాయా? ఏడాదికేడాది మనిషికి వచ్చే ముక్క చిన్నదైపోయింది. ఆ ముక్కతో లంగా కుట్టుకోలేకపోయినా, వాళ్ళు వద్దనరు. బట్ట వస్తోందంటే మాట బతికున్నట్టే కదా! భూమి మాట మాత్రం అలా నిలవలేదు. 1960లలో కిన్‌జువా డ్యాం కట్టి సెనెకా తెగవాళ్ళ భూమి దాదాపు 10,000 ఎకరాలు ముంచేశారు. పుట్టింటివాళ్ళు పొలం అమ్మేసుకుని, ఏటా రవికెగుడ్డ పంపినట్టుంది.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. ఆ తెగల్లో నాయకుణ్ణి ఎంచేది ఆడవాళ్ళట. వంశానికి పెద్దమ్మ ఉంటుంది. ఆవిడే నిలబెడుతుంది, దారి తప్పితే ఆవిడే దింపుతుంది.

అలాంటి నేలమీద కట్టిన ఈ కోర్టులో, 1873 జూన్‌లో ఒకావిడను బోనెక్కించారు. నేరం? ఓటెయ్యడం! ఆవిడ సూసన్ బి. ఆంథొనీ. 1872 నవంబరు 5న రాచెస్టర్‌లో ఓటేసింది. పౌరుల హక్కులు కాపాడతామన్నారు, ఆడవాళ్ళం పౌరులం కామా అని ఆవిడ వాదన. కేసు విచారణకొచ్చేలోగా ఆ కౌంటీలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చేసరికి, అక్కడి జ్యూరీ ఆవిడ వైపు తిరుగుతుందని కేసును ఇక్కడికి మార్పించారు. ఆవిడ ఊరుకుందా? ఇక్కడా తిరిగింది!

జ్యూరీ అంతా మగవాళ్ళే. పోనీ వాళ్ళనైనా తేల్చనిచ్చారా? లేదు. ఆవిణ్ణి సాక్ష్యం చెప్పనివ్వలేదు. 'దోషి' అని తీర్పివ్వమని జడ్జిగారే జ్యూరీని ఆదేశించారు. మర్నాడు శిక్ష వేసేముందు, చెప్పుకునేదేమైనా ఉందా అని మాటవరసకు అడిగారు. ఆయన కూర్చోమంటున్నా కూర్చోకుండా కడిగేసింది. వంద డాలర్ల జరిమానా వేశారు. ఒక్క డాలరు కూడా కట్టనంది, కట్టలేదు. 1906లో కన్నుమూసింది. దేశమంతటా ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1920లో. మన కోస్తా జిల్లాలు కలిసున్న మద్రాసు రాష్ట్రంలో 1921లో వచ్చింది, అదీ ఆస్తో పన్నో చూపించగలిగిన ఆడవాళ్ళకే. 2020లో అమెరికా అధ్యక్షుడు ఆవిడకు క్షమాభిక్ష ప్రకటిస్తే, ఆవిడ ఇంట్లో నడుస్తున్న మ్యూజియంవారు అక్కర్లేదన్నారు. తప్పే చెయ్యనప్పుడు క్షమాపణెందుకని!

కోర్టు మెట్ల మీద కూర్చుని నా సంగతి ఆలోచించుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఓటెయ్యడానికి వెళ్ళేటప్పుడు, దేనిమీద ముద్రెయ్యాలో మావారు చెప్పేవారు. నేను వేసొచ్చేదాన్ని. నన్నెవరూ బోనెక్కించలేదు. ఓటు నాదే, కానీ ఎంపిక ఎవరిది?

తిరిగొచ్చాక ఈ మాట ఆయనతోనే అన్నాను. "అయితే ఈసారి ఎవరికేస్తావేంటి?" అన్నారు.

చెప్పలేదు.