కంప్యూటర్‌లో 1980, పోలవరంలో తేదీల లెక్క

పాత కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మూలన 1980 జనవరి 1 అని కనిపిస్తే, అది ఊరికే పడిన తేదీ కాదు. ఐబీఎం మొదటి పర్సనల్ కంప్యూటర్ 1981 ఆగస్టులో వచ్చింది. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేదీల లెక్క మొదలయ్యేదే 1980 నుంచి. అంతకు ముందు రోజంటూ ఆ యంత్రానికి లేదు. లోపలి గడియారం చెదిరినప్పుడు చాలా పాత మెషిన్లు ఆ మొదటి రోజుకే వెళ్లిపోతాయి. కొన్ని మదర్‌బోర్డులు మాత్రం వాటి బయోస్ రాసిన ఏడాదిని చూపిస్తాయి.

పోలవరానికి ఆ 1980 మామూలు ఏడాది కాదు. ఏప్రిల్ 2న పోలవరం ప్రాజెక్టు మీద ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశాల మధ్య ఒప్పందం కుదిరింది. జూలై 7న బచావత్ ట్రైబ్యునల్ గోదావరి జలాలపై తుది తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అంజయ్య శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి ఈ నేల బతుకంతా తేదీలతోనే ముడిపడింది. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ తేదీ నుంచి భూమి మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం అదనంగా లెక్కకట్టాలి. పరిహారపు అవార్డు ఇచ్చిన రోజు, భూమి స్వాధీనం చేసుకున్న రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే అక్కడితో ఆ లెక్క ఆగుతుంది. ఒక్క తేదీ అటూ ఇటూ అయితే రైతు చేతికొచ్చే డబ్బు మారుతుంది.

టైము కూడా ఈ ఊరికి ఎప్పుడూ ఒకేలా లేదు. 1900లో రాజమండ్రి పాత రైలు వంతెన మీద బండ్లు మద్రాసు టైము పట్టుకుని నడిచేవి. గ్రీనిచ్ కంటే అది 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1న ఐదున్నర గంటల భారత ప్రామాణిక కాలం వచ్చింది. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, గడియారాలు మరో గంట ముందుకు జరిగాయి. సూర్యుణ్ణి బట్టి చూస్తే పోలవరం ఇప్పటికీ మన అధికారిక టైము కన్నా సగటున సుమారు మూడున్నర నిమిషాలు వెనకే ఉంటుంది.

మళ్లీ కంప్యూటర్ దగ్గరికి వస్తే, ఐబీఎం తొలి మెషిన్‌లో కరెంటు తీసేసినా నడిచే గడియారం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము మనమే కొట్టాలి. 1984లో వచ్చిన ఏటీ మోడల్‌లో మోటరోలా గడియారం చిప్, దానికి బ్యాటరీ అమర్చారు. సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఆ గడియారానికి ప్రాణం. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తూ పోతే ఒకటి మిగులుతుంది, అదే ఒక సెకను. ఇంత చక్కటి లెక్కను ఇంత చవకైన వస్తువులో ఇమిడ్చిన ఇంజినీర్లకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. స్ఫటికంలో పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉన్నా నెలకు దాదాపు 50 సెకన్లు తప్పుతుంది. ఆ మాత్రం సహజమే. ఏళ్లకేళ్లు వెనక్కి వెళ్తే మాత్రం ఆ బ్యాటరీ సెల్ అయిపోయిందని అర్థం.

2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు మొదలై మండలాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. పోలవరం అప్పుడు ఆ జిల్లాలోదే, 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఆ కాలపు మెషిన్లు ప్లగ్‌లో ఉన్నంతసేపు వాటి గడియారానికి కరెంటు నుంచే శక్తి అందుతుంది. మెయిన్ కట్టేసి షాపు మూసినా, వరదల్లో రోజుల తరబడి కరెంటు పోయినా, భారమంతా సెల్ మీదే పడుతుంది.

బాగుచేయడం కష్టం కాదు. ముందు బయోస్ సెట్టింగులు, ముఖ్యంగా హార్డ్‌డిస్క్ మోడ్, కాగితం మీద రాసుకోండి. సెల్ తీస్తే అవి చెరిగిపోవచ్చు, అప్పుడు విండోస్ లేవకుండా మొరాయిస్తుంది. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ తీయండి. ఎక్కువ మెషిన్లలో ఉండేది సీఆర్ 2032. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ నంబరే చెబుతుంది. కొత్తది 3 వోల్టులు. ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టి, ఆన్ చేస్తూ డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి తేదీ సరిచేయాలి. మరీ పాత 386, 486 బోర్డుల్లో సోల్డర్ చేసిన నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే రాగి గీతల్ని తినేస్తుంది కాబట్టి మెకానిక్ చేత తీయించేయాలి.

తేదీ సరిగ్గానో ఒక్క రోజు వెనకనో ఉండి, టైము పన్నెండున్నర గంటలో పదమూడున్నర గంటలో తేడాగా ఉంటే సెల్ జోలికి పోవద్దు. టైమ్ జోన్ అమెరికా పశ్చిమ తీరానిది పడి ఉంటుంది, దాన్ని మారిస్తే చాలు. తేదీ తప్పైతే సురక్షిత వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. ప్రతి సర్టిఫికెట్‌కూ మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి మరి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫొటోలు ఒక ఎత్తు. రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది వంటి ఊళ్లు ప్రాజెక్టు కోసం ఖాళీ అయ్యాయి. ఆ ఇళ్ల, గుళ్ల, చెట్ల ఫొటోలు, పట్టా కాగితాల స్కాన్లు ఎవరి పాత కంప్యూటర్లోనో ఉండే ఉంటాయి. సెల్ అయిపోయిన మెషిన్‌లో స్కాన్ చేసినవాటికి 1980 ముద్ర పడి ఉండొచ్చు. సెల్ మార్చినా పాత ఫైళ్ల తేదీలు వాటంతటవి మారవు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే, పెద్దవాళ్లు పక్కన ఉండగానే అడిగి, అసలు తేదీని, ఊరి పేరును ప్రతి ఫైలు పేరులోనే రాసిపెట్టండి.